ఓడలో అల్లిక

గడచిన సంక్రాంతి సెలవులలో మేము ఓడ యెక్కితిమి. ఈ మాట వ్రాయుటకు నాకు కొంచెము సిగ్గుగానే యున్నది. పండుగనాడు వాకిట ముగ్గు పెట్టక, గోదావరి జిల్లాలోని స్వగ్రామమునకు పోక, బడిపంతులు కుటుంబము విహారనౌకపై షికారు పోయెనని విన్నవారు నవ్వవచ్చును. వ్యయము నాది కాదు. నా చెల్లెలు రాయదుర్గములో ఒక సాఫ్టువేరు కార్యాలయమున పని చేయుచున్నది. రెండేండ్లుగా నెమ్మదిగా ఒక సెలవైనను తీసికొనని ఆమె యొకనాటి రాత్రి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, అమ్మకు డెబ్బై వస్తున్నాయి. ముంబయి నుంచి లక్షద్వీపాలకు వెళ్ళే ఓడకి అందరికీ టిక్కెట్లు తీసుకున్నాను. నువ్వు కాదనకు" అని చెప్పి, భోజనమునకు కూర్చుండెను. కాదనుటకు నాకు సందే చిక్కలేదు.

ప్రయాణవృత్తాంతము వ్రాయుట నా ఉద్దేశము కాదు. ఓడలోని నాట్యశాలలను, ఈతకొలనును, వేళకాని వేళ పెట్టు ఫలాహారములను వర్ణించుటకు సమర్థులు వేరొకరున్నారు. నేను చెప్పదలచినది మా అమ్మ తనవెంట తెచ్చిన గుడ్డసంచిని గూర్చి.

ప్రయాణమునకు ముందురోజున ఆ సంచి నా కంటబడినది. అందులో తెల్లని నూలుబంతులు రెండు, లేసు అల్లు కొక్కెపు సూది, చిన్న కత్తెర, వీనిని చుట్టిన పాత పంచె ముక్క యున్నవి. నాకు కోపము వచ్చెను. "ఎందుకమ్మా ఇంకా ఈ చాకిరీ? నాలుగు రోజులు చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోలేవా?" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. మూడవ బంతి యొకటి తెచ్చి సంచిలో వేసికొనెను.

ఆ సాయంకాలమే మా చెల్లెలు తన పెట్టెలో రెండు పొడవైన అల్లికసూదులను, నల్లని ఊలును సర్దుకొనుచుండగా చూచి, "మంచి వ్యాపకమే" యని మెచ్చుకొంటిని. ఒకే యింట, ఒకే దినమున, ఇంచుమించు ఒకే పనికి, చిన్నది చేసిన వినోదమనియు పెద్దది చేసిన చాకిరియనియు రెండు పేర్లు పెట్టినవాడను నేనే. ఇది నాకు అప్పుడు తోచలేదు. ఓడలో రెండవనాటికి గాని తోచలేదు.

మా అమ్మ పాలకొల్లు ప్రాంతపు పల్లెటూరి మనిషి. నరసాపురపు లేసు సంగతి చదువరులలో పలువురెరుగుదురు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ క్రైస్తవ మిషనరీల వలన ఈ విద్య గోదావరి డెల్టాలో నాటుకొన్నది. మొదట క్రైస్తవులైన పేద స్త్రీలకు జీవనోపాధిగా నేర్పబడి, పిదప ఇతర కులముల ఇండ్లకును ప్రాకినది. పొలము పనికి పోవుట గౌరవహానియని తలచు కుటుంబములకు ఇది మిక్కిలి అనుకూలముగ నుండెను. గడప దాటనక్కర లేదు. కూలికి పోయినదన్న మాట పడనక్కర లేదు. నాలుగు డబ్బులు మాత్రము వచ్చును. ఆ లేసు ఐరోపాకును, అమెరికాకును, ఆస్ట్రేలియాకును పోయి అచ్చటి బల్లలపైని, పడకలపైని పరుపబడెడిది. ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వార్తను కత్తిరించి నేను మా తరగతి గోడకు అంటించితిని. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పగా, "కూలి పెంచారా?" అని మాత్రమడిగెను.

చిన్నతనమున నేను చూచిన దృశ్యము నాకు బాగుగ జ్ఞాపకమున్నది. మధ్యాహ్నము అంట్లు తోమిన తరువాత అమ్మ అరుగుమీద కూర్చుండెడిది. ప్రొద్దు వాలువరకు అల్లి, మరల రాత్రి దీపము వద్ద అల్లెడిది. శనివారమునాడు నూలు ఇచ్చువాడు సైకిలుపై వచ్చి, అల్లిన పువ్వులు లెక్కపెట్టి, మాసిన పువ్వులు తీసివేసి, మిగిలినవానికి డబ్బిచ్చి, క్రొత్త నూలుకట్ట పడవేసి పోయెడివాడు. పువ్వులు అల్లువారు ఒకరు. వానిని కలిపి కుట్టు అతుకుపని చేయువారు మరొకరు. అందుచేత తాను అల్లినది తుదకు దుప్పటి యయ్యెనో, బల్లగుడ్డ యయ్యెనో అల్లినదానికే తెలియదు. నేను తిరుపతిలో సంస్కృతము చదువుకొనుచుండగా నెలనెలా వచ్చు మనియార్డరులో నాన్నగారి జీతమెంతయో, ఈ పువ్వుల డబ్బెంతయో నేనెన్నడు నడుగలేదు. కళాశాల దరఖాస్తులో తండ్రి వృత్తి యెదుట "గుమస్తా" యనియు, తల్లి వృత్తి యెదుట "గృహిణి" యనియు నా చేతితో నేనే వ్రాసితిని. ఉపాధ్యాయుడనైన పిమ్మట ఇరువదేండ్లుగా ప్రతి జూను మాసమునను పిల్లలచేత అదే వ్రాయించుచున్నాను.

ఈ మాటలోని మోసమును బయటపెట్టినది పరదేశపు స్త్రీ యొకతె. 1970ల చివర జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నరసాపురము వచ్చి లేసు అల్లు స్త్రీలతో మాట్లాడి, 1982లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించినది. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లియు వారు సగటున రూపాయియైనను గడింపజాలకుండిరని ఆమె చూపినది. వారిని కార్మికులుగా గాక, తీరికవేళను గడపుకొను గృహిణులుగా ఎంచుటయే ఆ కూలి హీనతకు మూలమని ఆమె వాదము. ఆ గ్రంథము నేను నలుబదియవ యేట చదివితిని. నాకు మునుపే తెలిసియుండవలసిన సంగతి. నాకు సంస్కృతము వచ్చును గదా! కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుని ప్రకరణమొకటి యున్నది. ఇల్లు వెడలని స్త్రీలకు, భర్త దూరదేశమునకు పోయినవారికి, వితంతువులకు దాసీల ద్వారా నూలుపని పంపి చేయింపవలెనని అందు చెప్పబడినది. నూలు తెచ్చిన స్త్రీ ముఖము చూచినను, పనికి సంబంధింపని మాట లాడినను అధ్యక్షునికి దండనము. కూలి ఇచ్చుటలో జాగు చేసినను దండనమే. ఇది పరీక్షకు చదివి, మంచి మార్కులు తెచ్చుకొంటిని. మా అరుగుమీదికి సైకిలుపై వచ్చువానికిని ఈ ప్రకరణమునకును సంబంధమున్నదని ఒక్కనాడును అనుకొనలేదు.

ఇక ఓడ సంగతి. ముంబయి రేవులో సామానులు పరీక్షించుచోట అమ్మ సంచిలోని కత్తెరను తీసికొని, దిగునప్పుడు ఇత్తుమని చీటీ యొకటి ఇచ్చిరి. మెడలోని గొలుసు అడిగినను ఆమె అంత కలతపడి యుండదు. ఆ చీటీని కొంగున ముడివేసికొనెను. దారము తెంపుటకు నా సామానులోని గోళ్ళకత్తిరి ఇచ్చితిని. అది ఆమెకు నచ్చినది. ఇంతవరకు తిరిగి ఇయ్యలేదు.

మొదటి రాత్రి ఓడ కొంచెము ఊగెను. మా చెల్లెలి అల్లికకు అప్పుడే కష్టము వచ్చినది. చదువరులలో ఊలు అల్లు సోదరీమణులకు ఇది తెలిసినదే. రెండు సూదుల అల్లికలో వరుసలోని ముళ్ళన్నియు సూదిమీద తెరచియే యుండును. చేయి జారినచో పది ముళ్ళు ఒక్కసారి రాలిపోవును. వానిని తిరిగి ఎక్కించుకొనుసరికి గంట గడచును. లేసు సూదికి ఈ ఆపద లేదు. కొక్కెమునకు తగిలియుండునది ఎప్పుడును ఒక్క ముడియే. పిల్లవాడు కొంగు లాగినను, అన్నము పొంగినను, ఓడ ఒరిగినను ఆ యొక్క ముడిని కొంచెము పెద్దదిగా లాగి విడిచి లేచిపోవచ్చును. ఈ విద్య ఇండ్లలో అంత త్వరగా వ్యాపించుటకు ఇదియు ఒక కారణమై యుండునని నాకు తోచినది. మధ్య మధ్య లేవవలసినవారి పని యిది.

నల్ల ఊలు తెచ్చుట మరొక పొరపాటు. గదిలోని మసక వెలుతురులో నల్లని ముళ్ళు కనబడవు. దక్షిణమునకు పోవుకొలది సముద్రపు గాలిలో ఊలు చేతికి అంటుకొనసాగెను. అసలు ఆ ఊలుతో అల్లబడుచున్నది నాకొక మెడపట్టీ. హైదరాబాదులో చలి కొద్ది వారములు. ఆ కొద్ది వారములకు సరిపడు ఉన్నిబట్టలు టిబెటు శరణార్థులు ఏటేట తెచ్చి అమ్ముచునే యున్నారు. నా మెడకు అదియు అక్కర లేదు. అమ్మ రెండు దినములు చూచి చూచి, "ప్రయాణానికి పెద్దది పెట్టుకోకూడదే. ఒక్క కూర్చోడంలో అయిపోయేది పెట్టుకోవాలి. లెక్క నోటికి రావాలి, కంటితో చూసేది కాదు" అని తన మూడవ బంతిని చెల్లెలి ఒడిలో వేసెను. ఆ బంతి ఎవరికొరకు తెచ్చినదో అప్పుడు తెలిసినది. ఊలు పెట్టెలోనికి పోయెను. తల్లియు కూతురును పైతట్టుమీద నీడపట్టున చేరి పువ్వులు అల్లసాగిరి.

మా చెల్లెలికి ఈ పిచ్చి ఎట్లు పట్టినదో చెప్పవలెను. 1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైనప్పుడు మాదాపురమున చాలభాగము రాళ్ళగుట్టలు. నేడు రాయదుర్గము మొదలు నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల మేడలు. ఆ మేడలలో రాత్రి యనునది లేదు. అమెరికావారికి తెల్లవారినప్పుడు మనవారికి సమావేశములు. సమావేశమున తన వంతు వచ్చువరకు చేతులు ఊరక యుండలేక, ఆమె బల్లక్రింద సూదులు పట్టుకొనుట నేర్చినది. ఫోనులోని బొమ్మలు చూచి నేర్చుకొన్నది. వారము చివర ఆమె ఒక పట్టిక నింపవలెను. ఏ అరగంట ఏ ఖాతాదారునికై పని చేసినదో అందు వ్రాయవలెను. ఆమె గంటకు వెల యున్నది. ఆ వెల డాలర్లలో నున్నది. ఒడ్డు దాటగానే ఫోనుకు సంకేతము పోయినది. మొదటి దినమున ఆమె దానిని ఎన్నిమార్లు తీసి చూచెనో లెక్కలేదు. మూడవ దినమున అది తలగడ క్రింద ఉండిపోయినది. నా భార్య మాత్రము ఏ సూదియు పట్టలేదు. ఆమెయు ఉపాధ్యాయినియే. "ఈ నాలుగు రోజులు నన్ను నిద్ర లేపకండి" యని మొదటనే చెప్పి, ఆ మాట నిలబెట్టుకొన్నది. ఓడ యెక్కినవారిలో ఆమెయే అందరికంటె తెలివి గలదని ఇప్పటికిని నా అభిప్రాయము.

భోజనశాలలో పండ్ల పళ్ళెము క్రింద తెల్లని లేసు గుడ్డ యొకటి పరచి యుండెను. అమ్మ పళ్ళెమును ప్రక్కకు జరిపి, గుడ్డను తిరుగవేసి చూచి, "మిషనుది" యని యథాప్రకారము పరచెను. ఆ గొంతులో తిరస్కారము లేదు. శనివారమునాడు పువ్వులు ఏరువాని గొంతు అది.

రెండవనాటి ఉదయమున నేను ఆమె ప్రక్క కూర్చుండియుంటిని. నలువైపుల నీరు తప్ప మరేమియు లేదు. కొంతసేపటికి ఆమె, "మన లేసు ఈ నీళ్ళ మీదేనా పోయేది?" అని అడిగెను.

"కొంత ఈ దారిని పోయే వుంటుందమ్మా."

"అక్కడ ఎంతకమ్మేవారో?"

నాకు తెలియదు. ఆమెకు తెలియజెప్పినవారు ఎన్నడును లేరు. మాట మార్చుటకై, "ఇక్కడ కూడా అల్లుతుంటే నీకు విసుగెయ్యదా?" అంటిని. ఆమె నావైపు చూచి, "అది వాడి నూలురా అబ్బాయ్. ఇది నేను కొనుక్కున్న నూలు. వాడి నూలైతే శనివారానికి అయిపోవాలి. దీన్ని ఇప్పుడు విప్పేసినా అడిగేవాడు లేడు" అనెను. అని ఊరకుండలేదు. సగము వచ్చిన పువ్వును నా యెదుటనే సరసర విప్పి, దారమును బంతికి చుట్టి, మొదటినుండి మొదలుపెట్టెను. ఆ పువ్వులో తప్పేమియు లేదు.

డికెన్సు నవలలో నిరంతరము అల్లుచుండు ఒక ఫ్రెంచి స్త్రీ యున్నది. తన అల్లికలోనే శత్రువుల పేర్లు గురుతుగా పెట్టుకొని లెక్క తీర్చుకొనును. తరగతిలో ఆ పాఠము చెప్పునప్పుడెల్ల పిల్లలు భయపడుదురు. మా అమ్మ అల్లికలో ఏ లెక్కయు లేదనియే నేను నమ్మియుంటిని. ఆ రోజు సాయంకాలము లెక్క బయటపడినది.

హైదరాబాదునుండియే వచ్చిన సంపన్న గృహిణి యొకరు మా ప్రక్క కూర్చుండి, అప్పటికి పూర్తియైన పువ్వులను ముచ్చటపడి చూచి, "ఇవి కలిపి ఒక బల్లగుడ్డ చేసిస్తారా అండీ? ఎంత తీసుకుంటారు?" అని అడిగిరి. అమ్మ కలవరపడినది. నలుబదియేండ్లు అల్లిన ఆమెను వెల యెంతయని అడిగినవారు వీరే మొదటివారు. అంతకుముందు వెల చెప్పుచు వచ్చినది ఎదుటివాడు. చెల్లెలు నవ్వుచు, "ఒక్కో పువ్వుకు ఎంతసేపమ్మా?" అన్నది. "గంట... గంటంబావు." "ఎన్ని పువ్వులు?" "ఇరవై నాలుగు. అతుకుపని వేరు." చెల్లెలు వేళ్ళమీద లెక్కించి, పరిహాసమునకే, తన గంట వెలతో హెచ్చవేసి మొత్తము చెప్పినది. ఆ అంకె నేనిచ్చట వ్రాయను. ఆమె విరగబడి నవ్వి, "అమ్మో! బేగంబజారులో రెండు మూడు వందలకు దొరుకుతుందండీ" అనిరి. అమ్మయు నవ్వి, "అక్కడే కొనుక్కోండమ్మా, బాగుంటాయి" అని పువ్వులను సంచిలో వేసికొనెను. అందరము నవ్వితిమి.

ఆ రాత్రి దీపమార్పిన పిమ్మట అమ్మ గొంతు వినబడెను.

"ఏమే, నిజంగా నీకు అంతిస్తారా?"

"మొత్తం నాకే రాదమ్మా. కంపెనీ తీసుకుని..."

"అది సరే. అంత కడతారా? ఒక గంటకా?"

"అవునమ్మా."

మరల, కొంతసేపటికి, "ఒక్క గంటకేనా?"

చెల్లెలు బదులు చెప్పలేదు. చాలసేపటివరకు పడక కిఱ్ఱుమనుచునే యుండెను. నాకును నిద్ర పట్టలేదు. నా మనియార్డరులు ఎన్ని పువ్వులో ఆ చీకటిలో లెక్కవేయబోతిని. పువ్వుకు ఎంత ఇచ్చెడివారో తెలియక లెక్క సాగలేదు. ఆమె నిదురపోవుచున్నదో మెలకువగా నున్నదో తెలియదు. అడుగుటకు ధైర్యము చాలలేదు.

లక్షద్వీపముల వద్ద ఓడ దూరముగా నిలిచి, చిన్న పడవలలో మమ్ము దీవికి చేర్చిరి. అందరును పగడపు గుట్టలు చూడబోయిరి. అమ్మ ఒక ఇంటి నీడను కొబ్బరిపీచు పేనుచున్న వృద్ధురాలి వద్ద ఆగిపోయెను. ఆ దీవులలో పీచును నానవేసి త్రాడు పేనుట స్త్రీల పురాతన వృత్తి. మా కోనసీమలోను పీచుపని కలదు. ఒకరి భాష మరొకరికి రాదు. ఆమె అమ్మ చేతిలోని పువ్వును తిరుగవేసి చూచెను. అమ్మ ఆమె త్రాడును తొడమీద పెట్టి పేని చూచెను. పడవవాడు కేకలు వేయువరకు వారచ్చటనే యుండిరి. దిగుటకు ముందు అమ్మ కొంగుముడి విప్పి చీటీ చూపి, తన కత్తెర తాను తెచ్చుకొనెను.

తిరిగి బడికి పోయిన వారము తొమ్మిదవ తరగతి పిల్లలను, మీ అమ్మలేమి చేయుదురని అడిగితిని. మా బడికి వచ్చువారు ఈ అద్దాల మేడల కాపలావారి పిల్లలు, కారు నడుపువారి పిల్లలు. తరగతి యంతయు ఇంచుమించు ఒకే గొంతుతో "ఏమీ చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటుంది" అన్నది. మధ్యాహ్నము ఆమె చేతులలో ఏమి యుండునని మరల అడిగితిని. ఒకని తల్లి చీరలకు ఫాలు కుట్టును. ఒకతె తల్లి పూలు మాల కట్టి సాయంకాలము అపార్టుమెంటు గేటువద్దకు పంపును. ఇద్దరి తల్లులు పచ్చళ్ళు పట్టుదురు. ఒకడు చాలసేపు ఆలోచించి, "మా అమ్మ పక్కింటి పాపను చూసుకుంటుంది సార్, వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా" అనెను. దరఖాస్తులో ఆ గడి వెడల్పు అంగుళము మాత్రమే. దానిని కొంచెము పెంచుడని ప్రధానోపాధ్యాయులవారిని అడిగియున్నాను; వారు చూతమనిరి.

పువ్వులు అతుకుపనికి వచ్చినవి. ఇరువదినాలుగు అమ్మవి, అయిదు చెల్లెలివి. వరుసకు అయిదు చొప్పున ఆరు వరుసలకు ఒకటి తక్కువ. చెల్లెలికి మరల రాత్రి సమావేశములు మొదలైనవి. ఆ యొక్కటి తానే అల్లెదనని చెప్పి నెల దాటినది. అమ్మ తొందరపెట్టలేదు, తాను అల్లియు ఇయ్యలేదు. అంచుకు మాత్రము నూలు చాలదని తేల్చి, నన్ను కోఠీకి పొమ్మన్నది. చెల్లెలు తెప్పించు నూలు ఖరీదెక్కువయట. "నలభై నంబరు. వెలుతురులో పెట్టి చూడు, నీలం కొట్టకూడదు. బంతి నొక్కి చూడు" అని రెండుమార్లు చెప్పినది. ఆదివారమునాడు రాయదుర్గమున మెట్రో యెక్కి, అమీర్‌పేటలో బండి మారి, కోఠీలో దిగి, ఆమె చెప్పినట్లే రెండు బంతులను వాకిలికి తెచ్చి వెలుతురులో పెట్టి చూచుచుండగా, దుకాణదారుడు, "ఎవరికి సార్?" అని అడిగెను. "లేసు పని చేసేవారికి" అని చెప్పి, ఆమె ఇచ్చి పంపిన డబ్బు లెక్కించి ఇచ్చితిని.